పాత ఫోన్లు, కొత్త లైను

గుంటూరు, బుధవారం రాత్రి

మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసుకు రాగి తీగ లైను తీసేసి ఫైబర్ ఇస్తున్నారు. ఇకమీదట కాల్స్ అన్నీ ఇంటర్నెట్ మీదే. ఉన్న ఫోన్లు పనికొస్తాయా, అన్నీ మార్చాలా అన్నది తేల్చమని యజమానిగారు నాకు చెప్పారు. నేరుగా ఇంటర్నెట్ మీద పనిచేసే కొత్త ఐపీ ఫోన్లు అమ్మే ఆయన అప్పటికే కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. ఒక్క ఫోన్ కూడా తిప్పి చూడకుండా, పాతవేవీ పనిచేయవని అనేశాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఈరోజు లెక్కల పుస్తకాలు పక్కన పెట్టి, నెట్ కనెక్షన్ చూసే అబ్బాయిని పిలిపించుకుని, ఫోన్లన్నీ వరసగా చూశాం.

నాకింత పట్టుదల ఎందుకంటే, మా దగ్గర ఫోన్ మోగిందంటే అవతల ఉండేది రైతు. మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపల పెట్టి, దానికి రసీదుగా బాండు తీసుకుని ఊరెళ్లిపోయిన మనిషికి మాతో మిగిలే సంబంధం ఆ బాండు మీద అచ్చయిన 0863 నంబరు ఒక్కటే. "అమ్మా, తేజ రకం మిర్చి ఈరోజు యార్డులో ఎంత పోయింది? ఇప్పుడు తీయమంటావా, ఆగమంటావా?" అని అడుగుతారు. సీజన్‌లో అయితే దింపుడుకు ఖాళీ ఉందా, లారీ ఎప్పుడు పంపాలి అని పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. ఆ కాల్ పోతే నష్టపోయేది రైతే. అదృష్టం కొద్దీ ఫైబర్ ఇచ్చేది కూడా పాత లైను వాళ్లే కాబట్టి నంబరు మారదు. అది తేలాకే మిగతా పని మొదలుపెట్టాను.

ముందు చూడాల్సింది ఫోన్ అడుగున ఉన్న లేబుల్. మా ఆఫీసులో ఒకేలా కనిపించే ఫోన్లలో మూడు జాతులున్నాయి. బజార్లో దొరికే మామూలు బటన్ల ఫోన్ ఒకటి. దీనికి రెండు తీగలు చాలు. మేనేజర్‌గారి బల్ల మీద ఉండే, చిన్న తెర, వరస బటన్లు ఉన్న కీ ఫోన్ రెండోది. నెట్ కేబుల్ గుచ్చే ఐపీ ఫోన్ మూడోది. అలాంటివి రెండు, యజమానిగారి అబ్బాయి హైదరాబాద్‌లో ఆఫీసు మూసేసినప్పుడు తెచ్చి బీరువాలో పెట్టారు.

మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలపడానికి అడాప్టర్ అని చిన్న పెట్టె ఉంటుంది. ఒకవైపు నెట్ కేబుల్, ఇంకోవైపు ఫోన్ వైరు. ఫోన్ వైపు పోర్టును ఎఫ్‌ఎక్స్‌ఎస్ అంటారు. ఎక్స్‌చేంజి చేసే పనంతా అదే చేస్తుంది. డయల్ టోన్ ఇస్తుంది, గంట కొట్టిస్తుంది, తీగలో కరెంటు పంపుతుంది. నెట్ అబ్బాయి మీటర్ పెట్టి చూపించాడు. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు 48 వోల్టుల దగ్గర ఉంది, రిసీవర్ ఎత్తగానే 10 లోపుకు పడిపోయింది. పాత లైను మీద చూసినా అంతే. ఫోన్‌కి అవతల ఉన్నది ఎక్స్‌చేంజో, అరచేతిలో పట్టే పెట్టో తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

ముందు గదిలోని బటన్ల ఫోన్ గుచ్చాం. డయల్ టోన్ వచ్చింది. నా సెల్ నంబరు నొక్కితే మాత్రం టోన్ అలాగే మోగుతోంది, కాల్ వెళ్లడం లేదు. ఆ అమ్మే ఆయన చూసి ఉంటే అక్కడితో ఆపేసేవాడు. ఫోన్ తిరగేస్తే పక్కన పి, టి అని చిన్న స్విచ్ ఉంది. పి అంటే పల్స్, టి అంటే టోన్. తిప్పే డయల్ కాలపు ఎక్స్‌చేంజిలకు అంకెను టకటకమని తీగ తెంపి కలిపి చెప్పాలి. అది పల్స్. ఇప్పటి అడాప్టర్లు చాలావాటికి ఆ భాష రాదు. స్విచ్ టి వైపు జరిపాం, సెల్ మోగింది. ఆఫీసుల్లో పాడైపోయాయని పారేసిన ఫోన్లలో ఎన్నింటికి ఈ స్విచ్ ఒక్కటి జరిపితే సరిపోయేదో!

తర్వాత మెషిన్ రూమ్. అక్కడ కంప్రెసర్ల హోరులో మామూలు గంట వినపడదు కాబట్టి ఫోన్‌తోపాటు గోడకు పెద్ద గంట కూడా కలిపి ఉంటుంది. ఆ వైరును నేరుగా అడాప్టర్‌కు కలిపితే ఫోన్ సన్నగా మూలిగింది, గోడ గంట అసలు కదల్లేదు. మాట మాత్రం శుభ్రంగా వినపడింది. గంట కొట్టాలంటే తీగలో సుమారు 75 వోల్టుల ఏసీ కావాలి. ఫోన్ గంటతోపాటు గోడ గంటను కూడా లాగేంత సత్తువ ఈ చిన్న పెట్టెకు లేదు. చల్లదనం కోసం వాడే అమోనియా వాయువు ఉన్న చోట ఫోన్ వినపడకపోవడమంటే చిన్న విషయం కాదు. ఆపరేటర్ అన్న కూడా అదే మాటన్నాడు. ఇది తేలేదాకా ఆ గదిలో దేన్నీ మార్చకూడదని అక్కడే అనుకున్నాను.

కాటా దగ్గర ఫోన్ సంగతి ఇంకోటి. ఆఫీసు నుంచి కాటా రెండు వందల మీటర్ల దూరం. అక్కడ ఐపీ ఫోన్ పెట్టాలంటే నెట్ కేబుల్ వేయాలి, నెట్ కేబుల్ పరిమితి 100 మీటర్లు. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె పెట్టి దానికి కరెంటివ్వాలి, లేదంటే అక్కడిదాకా ఫైబర్ లాగాలి. కొటేషన్‌లో ఆ ఖర్చు ఊసే లేదు. పాత టెలిఫోన్ తీగ జతకు మాత్రం ఆ దూరం లెక్కలోది కాదు. ఆ తీగను ఎప్పుడో లైన్‌మ్యాన్‌గారు గోడ వెంబడి మేకు మేకుకీ బిగించి, రోజెట్ పెట్టెలో మరలు గట్టిగా తిప్పి వెళ్లారు. లారీల దుమ్ములో, వానల్లో ఇన్నేళ్లున్నా గరగర లేదు. అలా చేసిన పనిని తీసి పారేయడానికి నాకు మనసొప్పదు. కాటా బాబాయ్ అయితే, "ఫోన్ మారుస్తారేమో గానీ, ఆ వైరు జోలికి పోకమ్మా" అన్నాడు.

మేనేజర్‌గారి కీ ఫోన్ దగ్గర అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, దీన్ని అడాప్టర్‌లో పెట్టకండి." దానికీ రెండు తీగలే, గుచ్చే పిన్ కూడా అదే. కానీ అందులో నడిచేది మామూలు ఫోన్ సిగ్నల్ కాదు, ఆఫీసు ఫోన్లన్నిటినీ బయటి లైన్లతో కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టె ఉంటుంది కదా, దాన్ని చేసిన కంపెనీ సొంత డిజిటల్ సిగ్నల్. తన కంపెనీ పెట్టెతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. వేరేచోట గుచ్చితే పనిచేయకపోవడమే కాదు, ఏదో ఒకటి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. పిన్ పట్టింది కదా అని కలిపేయడం ఎంత తప్పో ఈ ఫోన్ చూస్తే తెలుస్తుంది.

ఇక్కడే ఈరోజుటి అసలు సంగతి తేలింది. ఫోన్లను ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌కి కలపాలని ఎందుకు చూడాలి? మా ఈపీఏబీఎక్స్ పెట్టె నాలుగు లైన్లు, పదహారు ఎక్స్‌టెన్షన్లది. బయటి లైను వచ్చి గుచ్చుకునే చోట అడాప్టర్ పోర్టు వైరు గుచ్చితే సరి. పెట్టెకు అది మామూలు బయటి లైనే. వెనకాల ఉన్న కీ ఫోన్, కాటా ఫోన్, మెషిన్ రూమ్ ఫోన్ అన్నీ ఎప్పటిలాగే పెట్టెతోనే మాట్లాడతాయి. గంట కొట్టేదీ ఆ పెట్టే కాబట్టి గోడ గంట బలం తగ్గదు. వెంటనే కలిపి చూశాం. గోడ గంట మోత ఆఫీసు దాకా వినపడింది. యజమానిగారి గదిలో వాళ్ల నాన్నగారి కాలం నాటి నల్లటి తిప్పుడు ఫోన్ ఉంది. దాని నుంచి కూడా కాల్ వెళ్లింది. పల్స్‌ని పెట్టె అర్థం చేసుకుని బయటికి టోన్‌గా పంపుతోంది. బయటి లైను పల్స్ మీద పెట్టి ఉంటే ప్రోగ్రామింగ్‌లో టోన్‌కు మార్చాలి, అంతే. ఆ నల్ల ఫోన్ గంట మోగినప్పుడు యజమానిగారు పక్క గదిలోంచి లేచి వచ్చారు. నాకెంత సంతోషం వేసిందో!

అక్కడితో అయిపోలేదు. అవతలివాళ్లు పెట్టేసినా మా పెట్టె లైను వదలడం లేదు, బిజీ అనే చూపిస్తోంది. అలా నాలుగు లైన్లూ ఇరుక్కుంటే రైతుకు పొద్దంతా ఎంగేజ్ టోనే. అవతల పెట్టేశారన్న కబురు పెట్టెకు ఎంగేజ్ టోన్ గుర్తుపట్టడం వల్లో, తీగలో కరెంటు ఒక్క క్షణం ఆగడం వల్లో తెలియాలి. అడాప్టర్‌లో టోన్లు వేరే దేశానివి ఉన్నాయి. మన ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. దేశం దగ్గర ఇండియా అని మార్చి, కాల్ ముగియగానే కరెంటు తెంపే సెట్టింగు కూడా వేశాక లైను వెంటనే వదిలింది. కొనే ముందు అడాప్టర్‌లో ఈ సెట్టింగు ఉందో లేదో అడగాలని పుస్తకంలో రాసుకున్నాను.

ఇంకొకటి, సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా. మా దగ్గర బయటి లైను కోసం ఒక సున్నా, నంబరు ముందు ఇంకో సున్నా. రెండో సున్నా కొత్త లైను మీద మధ్యలో మాయం కాకుండా సరిగ్గా వెళ్తోందని చూసుకున్నాం.

బీరువాలోని ఐపీ ఫోన్లకు పవర్ అడాప్టర్ లేదు. నెట్ కేబుల్‌లోనే కరెంటు తీసుకునే రకం. అబ్బాయి దగ్గర నెట్ కేబుల్‌లోకి కరెంటు పంపే ఇంజెక్టర్ ఉంది కాబట్టి వెలిగాయి. ఒకదానిలో సర్వర్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టగానే రిజిస్టర్ అయింది. ఇంకోటి రీసెట్ చేసినా పాత కంపెనీ సర్వర్‌నే వెతుక్కుంటోంది, అంటే లాక్ చేసి ఉంది. ఆ కంపెనీ వదిలితే తప్ప లాభం లేదు. మొదటిదానిలో మా మాట అవతలికి వెళ్తోంది గానీ, వాళ్ల మాట మాకు రాలేదు. రూటర్‌లో ఇంటర్నెట్ కాల్స్ సమాచారాన్ని మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు ఆపేయగానే రెండు వైపులా వినపడింది.

నెట్ చాలుతుందా అని మేనేజర్‌గారికి ఒకటే టెన్షన్. ఒక కాల్‌కు ఒక్కోవైపు సుమారు 87 కిలోబిట్లు చాలు, నాలుగు కాల్స్ ఒకేసారి నడిచినా అర మెగాబిట్ కూడా దాటదు. మాట తెగేది ఎప్పుడంటే, సీసీ కెమెరాల వీడియో బయటికి ఎక్కేటప్పుడు. అందుకని రూటర్‌లో ఫోన్ మాటకు ముందు దారి ఇచ్చేలా పెట్టించాను.

నాకు మిగిలిన బెంగ కరెంటు గురించే. రాగి లైనుకు కరెంటు ఎక్స్‌చేంజి బ్యాటరీల నుంచి వచ్చేది, ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ బతికే ఉండేది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రూటర్, అడాప్టర్ మూడూ వెలుగుతూ ఉండాలి. జనరేటర్ అందుకునే ఆ కాసేపట్లో ఇవి ఆరిపోతే మళ్లీ లేచి లైను కలుపుకోవడానికి నిమిషాలు పడుతుంది. మూడింటి మీదా 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది, అంటే 36 వాట్లు. ఈపీఏబీఎక్స్‌కు దాని బ్యాటరీ ఉంది కాబట్టి ఈ మూడింటికి చిన్న యూపీఎస్ సరిపోతుంది.

సాయంత్రం యజమానిగారికి లెక్క చెప్పాను. నాలుగు పోర్టుల అడాప్టర్ ఒకటి, యూపీఎస్ ఒకటి కొందాం, ఉన్న ఫోన్లన్నీ ఉంచుదాం అన్నాను. మెషిన్ రూమ్‌లో ఆటో డయలర్ ఒకటి మాత్రం ఇంకా చూడలేదు. లోపల చల్లదనం తగ్గితే తనంతట తానే మాకు ఫోన్ చేసేది అదే. దాని పరీక్షకు కంప్రెసర్ మెకానిక్ కూడా పక్కన ఉండాలి, ఆయన శుక్రవారం వస్తారు. అది కొత్త లైను మీద పగలూ రాత్రీ సరిగ్గా కాల్ చేస్తోందని తేలేదాకా పాత లైను తీయించవద్దని, అందుకు ఇంకో నెల బిల్లు అదనంగా కట్టాల్సి వచ్చినా కడదామని అడిగాను. సరేనన్నారు. ఆ నెల బిల్లు వేరుగా రాయడానికి ఖాతాలో పేజీ తెరిచాను.