24 ఏళ్లు కలం ముట్టని స్వరకర్త

సంక్రాంతికి నెల్లాళ్లు సెలవు దొరికి అంబాజీపేట దగ్గర మా ఊరొచ్చాను. లండన్‌లో నా పని కేర్ హోమ్‌లో, ఎక్కువగా నైట్ డ్యూటీలే: డైపర్లు మార్చడం, మందులివ్వడం, నిద్రపట్టని వాళ్ల దగ్గర కూర్చోవడం. (ఊళ్లో "పెద్ద హాస్పిటల్లో చేస్తాడు" అని చెప్పుకుంటారు, నేనూ సరిదిద్దను.) అలా నిద్రపట్టని ఒక పెద్దాయన రాత్రిళ్లు సీడీలు పెట్టించుకునేవాడు. వాటిలో ఒకటి బెర్తోల్డ్ గోల్డ్‌ష్మిట్ అనే జర్మన్ స్వరకర్తది. "ఈయనా నీలాగే బతకడానికొచ్చినవాడే" అన్నాడు. అప్పట్నుంచీ ఈయన గురించి దొరికిందల్లా చదివాను.

1903లో హాంబర్గ్‌లో యూదుల ఇంట పుట్టాడు. 29 ఏళ్లకే మన్‌హైమ్‌లో ఆయన ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ఆడింది. మరుసటేడు హిట్లర్ వచ్చాడు, అవకాశాలు మూసుకుపోయాయి, 1935లో లండన్ చేరాడు. పాఠాలు చెప్పుకున్నాడు, యుద్ధం చివర్లో బీబీసీ జర్మన్ సర్వీసులో సంగీతం చూసుకున్నాడు. నాకు కడుపు మండింది మాత్రం 1951 సంగతికి. ఆ ఏడాది జరిగిన బ్రిటన్ ఉత్సవం కోసం, అక్కడి కళలకి సర్కారు డబ్బులిచ్చే ఆర్ట్స్ కౌన్సిల్ కొత్త ఒపెరాల పోటీ పెట్టింది, ఎవరిదో తెలియకుండా మారుపేర్లతో పంపాలి. ఈయన 'బియాట్రిచే చెంచి' గెలిచిన వాటిలో ఉంది. గెలిస్తే ఏం, ఆ ఉత్సవంలో గెలిచినవేవీ ఆడించలేదు. రాసే తీరు కూడా పాతబడిపోయిందన్నారు. 1958 తర్వాత రాయడమే మానేశాడు, మళ్లీ 1982లో మొదలుపెట్టాడు. మధ్యలో ఖాళీగా కూర్చోలేదు, మాలర్ అనే పెద్ద స్వరకర్త సగంలో వదిలి పోయిన పదో సింఫనీని డెరిక్ కుక్ పూర్తి చేస్తే, 1964లో ఆర్కెస్ట్రాతో దాన్ని తొలిసారి నడిపించింది ఈయనే. ఆ 'బియాట్రిచే చెంచి' స్టేజీ ఎక్కింది 1994లో, జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో. అప్పటికి 91 ఏళ్లు. ఇంకో రెండేళ్లకి పోయాడు.

ఇదంతా చదువుతుంటే మా పెదనాన్నే గుర్తొచ్చాడు. సన్నాయి ఆయనది. కువైట్ వెళ్లి ఒక ఇంట్లో డ్రైవరుగా చేరినప్పుడు తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్లాడు. రూములో ఆరుగురు, ఒకడి నిద్ర ఇంకొకడి డ్యూటీ, ఊదేదెక్కడ? యజమాని పిల్లల కోసం బడి బయట కారాపుకుని, అద్దాలెత్తి, సన్నాయి లేకుండా దాని ఉత్త పీక నోట్లో పెట్టుకుని ఊదేవాడట. ఆ ఏసీ గాలికో ఎడారి పొడికో అది కాస్తా చీలిపోయింది. 22 ఏళ్లకి తిరిగొచ్చేసరికి పెళ్లిళ్లలో డీజేలు. సన్నాయి అటక మీదికెళ్లింది.

మొన్న పెరట్లో కొబ్బరి వలుపు జరుగుతుంటే అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఫోన్లో గోల్డ్‌ష్మిట్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు రాసిన క్లారినెట్ క్వార్టెట్ (నాలుగు వాయిద్యాల కచేరీ) పెట్టాను. కాసేపు విన్నాడు.

"క్లారినెట్టే కదరా ఇది. డోలు లేదేంటి?"

వలుపు కుర్రాళ్లు లెక్క కోసం పిలిస్తే లేచి వెళ్లాడు. కాయలు లెక్కపెట్టి, డబ్బులిచ్చి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఆ మొదట్లోది ఇంకోసారి పెట్టు."