కాలబైశాఖి తరువాత పెరటి పండ్ల మొక్కలకు మరమ్మతు

మే

ఈ సంవత్సరం కాలబైశాఖి గాలులు, అంటే వేసవిలో ఉరుములతో విరుచుకుపడే గాలివానలు, ఒడిశాలోని పర్లాకిమిడి పరిసరాలలో ముదురు చెట్లకంటె లేత మొక్కలనే ఎక్కువగా దెబ్బతీశాయి. మా పెరటిలో సువర్ణరేఖ మామిడి పంగ దగ్గర చీలింది. లక్నో-49 జామకు ఒక కొమ్మ విరిగి బెరడు పట్టున వేలాడింది. కూలిన కంచె దాటి వచ్చిన మేకలు నిమ్మ మొక్క బెరడును కొరికివేశాయి. గాలివాన వెలిసీ వెలియగానే కత్తి పట్టుకొని బయలుదేరడం మా వైపు అలవాటే గాని, ముందు చూడవలసినది ఏ కొమ్మలో ప్రాణం ఉన్నదన్న సంగతి. బెరడును గోటితో కొద్దిగా గీరినప్పుడు లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే కొమ్మ బతికి ఉన్నట్లు. గోధుమ రంగు తిరిగి పొడిగా ఉంటే దానిమీద ఆశ పెట్టుకోనక్కరలేదు.

విరిగిన ప్రతి కొమ్మకూ కట్టు కట్టడం నాకు సమ్మతం కాదు. లేత మొక్క కొత్త కొమ్మను త్వరగానే వేసుకుంటుంది కనుక, చెట్టు రూపానికి తప్పనిసరి అయిన కొమ్మను మాత్రమే అతికించి, మిగిలినవాటిని శుభ్రంగా కోసివేయడమే మేలు. సువర్ణరేఖలో చీలినది రెండు ప్రధాన శాఖలలో ఒకటి, పైగా సగానికి మించి బెరడు ఇంకా కాండాన్ని అంటిపెట్టుకొనే ఉంది. ఇంచుమించు ఒకే మందం గల రెండు కొమ్మలు ఇరుకు కోణంలో పైకి పోయినప్పుడు వాటి నడుమ బెరడు లోపలికి ముడుచుకొనిపోయి కొయ్యతో కొయ్య కలవదు. గాలి వీచినప్పుడు మొదట చీలేది అటువంటి పంగే.

ఆ కొమ్మ బరువు తగ్గించడానికి దాని పొడవులో మూడో వంతు కత్తిరించి, చీలికలో చిక్కుకున్న పేళ్లను, ఇసుకను తీసివేశాను. చీలిన ముఖాలు ఆరిపోకముందే, పంగకు జానెడు పైన మెత్తని తాడు వేసి రెండు కొమ్మలను దగ్గరకు లాగి, బెరడు అంచు బెరడు అంచుతో సరిగ్గా కలిసేటట్లు చూసుకున్నాను. బెరడు కిందనే ఉండే పలుచని పెరుగుదల పొర తిరిగి కలిస్తేనే అతుకు నిలుస్తుంది. లోపల పగిలిన కొయ్య ఎన్నటికీ అతుక్కోదు, దాని మీద కొత్త కొయ్య పెరిగి కప్పివేస్తుంది అంతే. అందువల్లనే చీలిక లోపల ఏ పూతా పూయలేదు. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీసి కింది నుంచి పైకి చుట్టాను. దాని మీద పాలిథిన్ పట్టీని కూడా, ఇంటి కప్పు మీది పెంకుల వలె పై చుట్టు కింది చుట్టును కప్పేటట్లు, అదే వరుసలో చుట్టడం వల్ల వాననీరు చీలికలోకి దిగదు.

జామ కొమ్మను మూడు కోతలలో తీశాను. కాండానికి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతు వరకు రంపంతో కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, కొమ్మ కింద పడేటప్పుడు కాండం బెరడును చీల్చుకొనిపోదు. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో కనిపించే ఉబ్బు అంచుకు వెలుపల కోశాను. ఆ ఉబ్బును కాండంతో సమానంగా చెక్కివేస్తే గాయం పెద్దదై పూడదు. మోడు పొడవుగా వదిలితే అది కుళ్లి, కుళ్లు లోపలికి పాకుతుంది.

నిమ్మకు చుట్టూ బెరడు పోయి ఉంటే వంతెన అంటు, అంటే గాయానికి పైనా కిందా ఉన్న బెరడును పుల్లలతో కలిపే అంటు, తప్ప గతి ఉండేది కాదు. అదృష్టవశాత్తు ఒక వైపు బెరడు మిగిలింది కనుక, కొరికిన అంచులను పదునైన చాకుతో నునుపుగా చేసి వదిలివేశాను.

జూన్

ఊతకర్రలు ఒడియావారి రజ పండుగ ముందే పాతవలసి ఉండగా ఆలస్యమైంది. పండుగ రోజుల్లో ఇక్కడివారు నేల తవ్వరు కనుక కూలీ రాలేదు, నేనూ పార పట్టలేదు. తరువాత పాతిన వెదురుకర్రలకు మొక్కలను ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాను. గాలికి కాస్త కదిలే కాండమే గట్టిపడుతుంది.

తొలకరికి ముందు బొటనవేలికంటె లావుగా ఉన్న కోతలకు మాత్రం తెగులు సోకకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశాను. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో ప్లాస్టిక్ బకెట్లో కరిగించి, 100 గ్రాముల కాల్చిన సున్నాన్ని వేరుగా అర లీటరులో విరియించి చల్లారిన తరువాత రెండింటినీ కలపాలి. ఇనుప చాకును అందులో ముంచి తీసినప్పుడు ఎర్రని రాగి పూత పడితే సున్నం చాలలేదని గ్రహించి ఇంకాస్త కలపాలి. కలిపిన పేస్టును ఆ రోజే వాడాలి. పేడ, పుట్టమన్ను మెత్తే పాత పద్ధతి తడిని పట్టి ఉంచుతుంది కనుక వానకాలంలో దాన్ని నేను పాటించను. చిన్న కోతలకైతే ఏ పూతా అక్కరలేదు. చెట్టే వాటిని మూసుకొంటుంది.

ఆగస్టు

మామిడి అంటు కింది నుంచి లేచిన చిగుళ్లను లేతగా ఉండగానే బొటనవేలితో తుంచివేశాను. వాటిని ఉపేక్షిస్తే వేరుమొక్క, అంటే అంటు కట్టిన అడుగు మొక్క, పైచేయి సాధించి సువర్ణరేఖను చంపివేస్తుంది. జామ కోత దగ్గర గుంపుగా వచ్చిన చిగుళ్లలో వేర్వేరు దిక్కులకు వెడల్పు కోణంలో పోయేవాటిని మాత్రమే ఉంచాను.

గాలివానకు ఏమీ కాలేదనుకున్న ఆమ్రపాలి మామిడి కొమ్మ చివరి నుంచి ఎండసాగింది. కోసి చూస్తే కొయ్యలో గోధుమ రంగు చార కనిపించింది. ఎండు తెగులు సోకిన భాగానికి మూడు అంగుళాల దిగువన, చార లేని తెల్లని కొయ్య తగిలేవరకు కోసి, ప్రతి కోతకూ నడుమ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. ఆ ముక్కలను తోటలో పడవేయకుండా కాల్చివేశాను. కోసినప్పుడు కారే సొన చర్మాన్ని పొక్కిస్తుంది కనుక నిండు చేతుల చొక్కా వేసుకోవడం మంచిది.

అక్టోబరు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో తెలిసినవారెవరూ ఈ నెలలో ఊతకర్రలను ఏమరరు. నేనూ తాళ్లన్నీ మార్చాను. సువర్ణరేఖ కట్టు విప్పి చూస్తే, చీలిక అంచుల వెంట లేత గోధుమ రంగు కణజాలం ఉబ్బి ఇరువైపుల నుంచి దగ్గరకు వచ్చింది. కింది భాగంలో గీత కూడా పోయింది, పై రెండు అంగుళాలలో మాత్రం సన్నని సందు మిగిలి ఉంది. ట్యూబు సాగింది గాని, తాడు ఉన్నచోట బెరడు మీద నొక్కుడు మొదలైంది. తాడును అంగుళం పైకి జరిపి, కింద గోనె గుడ్డ పెట్టి మళ్లీ కట్టాను.

వచ్చే మాఘంలో పూత వస్తే, ఆ కొమ్మ మీది పూగుత్తులన్నింటినీ గిల్లివేస్తాను. కాయ బరువు మోయడానికి దానికి ఇంకొక ఏడాది గడువు కావాలి.