గుడ్డ మార్చేటప్పుడు కాళ్ళు పైకెత్తకండి

నెలలు నిండకుండా పుట్టి ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా వార్డులో) ఉన్న బిడ్డకు మందు చుక్కలు లెక్కపెట్టి ఇస్తాం. గుడ్డ మార్చేటప్పుడు మాత్రం రెండు మడమలూ ఒక చేత్తో పట్టి పైకి లేపేస్తాం. ఇంట్లో నిండు నెలల పిల్లలతో వచ్చిన అలవాటే అది. 32 వారాలలోపు పుట్టిన బిడ్డకు, ముఖ్యంగా మొదటి 72 గంటల్లో, అది మంచిది కాదు. నడుము కింది భాగం లేవగానే రక్తం తలవైపు మళ్ళుతుంది. మెదడులోని లేత రక్తనాళాలు ఆ తాకిడికి చిట్లే ప్రమాదం ఉంది.

పొడిగుడ్డ, గోరువెచ్చటి నీళ్ళు, దూది, థర్మామీటరు అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే బిడ్డను ముట్టుకోవాలి. సగంలో దూది కోసం వెళ్తే ఒళ్ళు చల్లబడిపోతుంది. కడిగిన చేతులు వెచ్చబడ్డాక, ఒక అరచెయ్యి తలమీద, ఇంకోటి ముడిచిన కాళ్ళమీద ఆనించి కదలకుండా ఉంచండి. నిమరొద్దు; ఆ పలచని చర్మానికి నిమిరినా గీరినట్టే ఉంటుంది. కుదుటపడ్డాక తల, ఒళ్ళు ఒకే వరసలో ఉండేలా పక్కకు తిప్పి, కాళ్ళు ముడిచే ఉంచి, తడిగుడ్డ తీసి పొడిది జరపండి. ఆడబిడ్డను ముందునుంచి వెనక్కే తుడవాలి.

వేళ్ళు విప్పార్చడం, వెనక్కి విరుచుకోవడం, ఎక్కిళ్ళు, రంగు మారడం కనిపిస్తే ఆపెయ్యాలి. ఆవలింత చూసి ముచ్చటపడతాం గానీ చాలాసార్లు అదీ అలసటే.

టెంపరేచరు, గుడ్డ, పాలు ఒకే విడతలో అయిపోతే మధ్యలో నిద్ర దక్కుతుంది. అలాగని రక్తం తీయడం కూడా అందులోనే కుక్కకండి, బిడ్డ ఓర్చుకోలేదు. మడమకు సూది గుచ్చే రెండు నిమిషాల ముందు నాలుకమీద తల్లిపాల చుక్కలు వేసి, చేతులు గుండెమీదికి ముడిచి పట్టుకోండి. మడమ మధ్యలో కాదు, పక్క అంచున గుచ్చాలి.

'ఈ ఉక్కలో చలేంటండీ' అని కోనసీమ అమ్మమ్మలు అడుగుతారు. బయట ఎంత ఉక్కపోసినా వార్డులో ఏసీ ఉంటుంది, ఒంటిమీద తడిగుడ్డ ఉంటుంది. చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కొబ్బరినూనె మర్దన తర్వాతి మాట. సాంబ్రాణి పొగైతే అసలే వద్దు. వెచ్చదనానికి తల్లి గుండెను మించింది లేదు. రోజుకు 8 నుంచి 24 గంటలు కంగారూ పద్ధతిలో, అంటే బిడ్డ ఒళ్ళు తల్లి గుండెకు నేరుగా ఆనేలా, ఉంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. టోపీ, మేజోళ్ళు, కింద గుడ్డ తప్ప బిడ్డకు ఇంకేం వద్దు. మెడ ముందుకు వంగితే ఊపిరి ఆడదు, అందుకే తల పక్కకు తిప్పి గడ్డం కాస్త పైకి ఉంచాలి. కూర్చుంటే గంటకు తగ్గకుండా కూర్చోండి; ఎత్తడం, దించడమే బిడ్డకు పెద్ద శ్రమ. తల్లి పాలు పిండుకోడానికి లేస్తే నాన్న చొక్కా విప్పి కూర్చోవచ్చు.