మీల్‌వార్మ్స్: మే ఎండ, ఆగస్టు ముసురు దాటించాలంటే

కోళ్లకు, అక్వేరియం చేపలకు మేతగా ట్రేల్లో, తవుడులో పెంచే పురుగులే మీల్‌వార్మ్స్. మన ప్రాంతంలో ఈ ట్రేలు పాడయ్యేది ఎక్కువగా రెండు కాలాల్లో. ఏప్రిల్ చివరి నుంచి తొలకరి దాకా ఎండకు, జులై, ఆగస్టుల్లో ముసురుకు. యూట్యూబ్‌లో కనిపించే విదేశీ పద్ధతులు చాలావరకు చలి దేశాలవి. పురుగులకు వెచ్చదనం ఎలా అందించాలన్నది వాళ్ల బాధ. వేడి ఎలా తగ్గించాలి, తవుడు ఎలా పొడిగా ఉంచాలి అన్నది మన బాధ. ఆ రెండూ చేతనైతే మిగతా పనికి వారంలో గంటన్నర చాలు.

ఈ పురుగు శాస్త్రీయనామం టెనెబ్రియో మోలిటార్. మనం మేతగా వాడేది దాని లార్వా దశ. గుడ్డు నుంచి వారం పది రోజుల్లో కంటికి ఆనని పిల్ల బయటికొస్తుంది. అది పదేపదే పొర విడుస్తూ రెండున్నర మూడు నెలల్లో అంగుళం పొడవు పెరుగుతుంది. తర్వాత తెల్లగా ముడుచుకుని ప్యూపా అవుతుంది. వారం పది రోజులకు అందులోంచి పెంకు పురుగు వస్తుంది. అది మొదట తెల్లగా, తర్వాత గోధుమరంగులో ఉండి చివరికి నల్లబడుతుంది. రెండు మూడు నెలలు బతుకుతుంది, ఒక్కో ఆడది కొన్ని వందల గుడ్లు పెడుతుంది. ఈ లెక్కలు 25 నుంచి 28 డిగ్రీల మధ్య వర్తిస్తాయి. 20 కంటే తగ్గితే అన్నీ నెమ్మదిస్తాయి. 35 దాటితే గుడ్లు సరిగా పొదగవు, ప్యూపాలు చస్తాయి. 40 దగ్గర ట్రే మొత్తం పోతుంది.

మొదలుపెట్టడానికి 100 గ్రాముల పురుగులు చాలు. పెద్దవి ఆ తూకానికి సుమారు వెయ్యి వస్తాయి. అక్వేరియం దుకాణాల్లో, పక్షులు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. రెండువేళ్ల మధ్య పట్టుకుంటే మెలికలు తిరిగేవే తీసుకోండి. డబ్బా మూత తీయగానే ఘాటు వాసన కొడితే ఆ సరుకు వద్దు. అక్కడే సూపర్‌వార్మ్స్ అని రెండింతల పొడవున్నవి కూడా అమ్ముతారు. అవి వేరే జాతి. గుంపులో ఉన్నంతకాలం ప్యూపా కావు, ఒక్కోదాన్ని విడిగా డబ్బీలో పెడితేనే మారతాయి. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

కోళ్ల షెడ్డు లిట్టర్‌లో (నేల మీద పరిచే పొట్టులో) తిరిగే చిన్న నల్ల పెంకు పురుగుల్ని, వాటి పిల్లల్ని ఏరుకొచ్చి పెంచుదామనే ఆలోచన మాత్రం అసలు పెట్టుకోవద్దు. చూడ్డానికి చిన్న మీల్‌వార్మ్‌లానే ఉన్నా అది ఆల్ఫిటోబియస్ అనే వేరే పురుగు. సాల్మొనెల్లా లాంటి కోళ్ల జబ్బులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి మోసేది అదే.

ట్రేలు నున్నటి ప్లాస్టిక్‌వి కావాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 12 నుంచి 15 లోతు సరిపోతుంది. నున్నటి గోడ ఇవి ఎక్కలేవు కాబట్టి మూత అక్కర్లేదు. బల్లుల భయం ఉంటే పైన ఇనుప జాలీ వేయండి. మూత బిగించడమే కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. లోపల చెమ్మ పట్టి, రెండు మూడు రోజుల్లో తవుడు గడ్డకట్టి బూజు పడుతుంది. ట్రేలు కనీసం నాలుగు ఉండాలి: పెంకు పురుగులకు ఒకటి, గుడ్లూ చిన్నపిల్లలూ ఉండేది ఒకటి, మేతకు పెరిగేవి ఒకటి, ప్యూపాలకు ఒకటి. అన్నీ ఒకేదాంట్లో వదిలేస్తే బతకవని కాదు. కదలలేని ప్యూపాల్ని, గుడ్లని మిగతావి కొరికి తినేస్తాయి, సంఖ్య పెరగదు.

మేతా పరుపూ రెండూ గోధుమ తవుడే. పశువుల దాణా కొట్లో గోధుమ పొట్టు అని అడిగినా ఇదే ఇస్తారు. మన దగ్గర వరి తవుడు చవకే కానీ, మిల్లులోంచి వచ్చిన పచ్చి తవుడులో నూనె ఎక్కువ. కొద్ది రోజుల్లోనే ముక్కిపోతుంది, వేడెక్కుతుంది. వాడక తప్పకపోతే నూనె తీసిన తవుడు తీసుకుని, గోధుమ తవుడులో మూడోవంతుకు మించకుండా కలపండి. కిలో గోధుమ తవుడుకి 100 గ్రాముల సోయా పిండి కలిపితే పెరుగుదల బాగుంటుంది. పెంకు పురుగుల ట్రేలో పిడికెడు డ్రై ఈస్ట్ కూడా కలిపితే గుడ్లు బాగా పెడతాయి. కిలో పురుగులు తయారవడానికి రెండు కిలోలకు కాస్త పైగా పొడి మేత పడుతుందని లెక్క వేసుకోండి.

కొన్న తవుడు నేరుగా ట్రేలో పోయకండి. అందులో పిండి పురుగులు, చిమ్మట గుడ్లు, నల్లుల్లాంటి మైట్స్ ఉండనే ఉంటాయి. సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు రోజులు పెట్టండి, లేదా మందపాటి మూకుడులో సన్నసెగ మీద చెయ్యి కాలేంత వేడి వచ్చేదాకా కలుపుతూ వేయించి పూర్తిగా చల్లార్చండి. గోడౌన్‌లో పురుగుమందు బిళ్లలు పెట్టిన సరుకైతే ఎంత వేయించినా వద్దు. ఎక్కడి తవుడో తెలియని కొత్త బస్తా వస్తే గుప్పెడు తవుడులో ఇరవై పురుగుల్ని వేసి రెండు రోజులు చూడండి. హుషారుగా ఉంటేనే మిగతా ట్రేలకు వాడండి.

నీళ్లు గిన్నెలో పెట్టకూడదు, చల్లకూడదు. తడి మొత్తం కూరగాయ ముక్కల నుంచే అందాలి. క్యారెట్ అన్నిటికన్నా నయం. బంగాళాదుంప, చిలగడదుంప, గుమ్మడి ముక్కలు కూడా బాగుంటాయి. దోస, పుచ్చ తొక్కల్లో నీరు ఎక్కువ, తవుడు తడుస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులకు మందు కొట్టే తీరు తెలిసిందే కాబట్టి వాటిని పక్కన పెట్టండి. ఏదైనా తొక్క తీసి, కడిగి, తుడిచి వేయాలి. వెయ్యి పురుగులున్న ట్రేకి రోజు విడిచి రోజు 20 నుంచి 30 గ్రాములు. మర్నాటికి మిగిలితే ఎక్కువైనట్టు, రెండు మూడు గంటల్లో మాయమైతే తక్కువైనట్టు. దాహం ఎక్కువైతే ఒకదాన్నొకటి తింటాయి. వండిన అన్నం, మాంసం తునకలు, నూనె తగిలినవి వేయకండి.

పెంకు పురుగుల ట్రేలో మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన తవుడు పోసి నాలుగైదు వందల పురుగులు వదలండి. దాక్కోవడానికి కొత్త గుడ్ల అట్ట ముక్క పైన పెట్టండి. కోళ్ల ఫారంలో వాడేసిన అట్టలు వద్దు. గుడ్లు జిగురుగా ఉంటాయి, తవుడు అంటుకుని కనబడవు. రెండు వారాలకోసారి పెంకు పురుగుల్ని ఏరి కొత్త తవుడులోకి మార్చండి. అట్టను దులిపితే సగం వచ్చేస్తాయి, మిగిలినవి క్యారెట్ ముక్క కింద చేరతాయి. పాత తవుడు పారేయకుండా తేదీ రాసి పక్కన పెట్టండి. మూడు నాలుగు వారాలకు తవుడు పైభాగం దానంతటదే కదులుతున్నట్టు అనిపిస్తుంది. అవే పిల్లలు. అప్పటిదాకా పలచని క్యారెట్ చెక్క ఒక్కటి పైన ఉంచితే చాలు. ఎనిమిది వారాల లోపు జల్లెడ పట్టొద్దు, పిల్లలు విసర్జనతో పాటు కిందికి వెళ్లిపోతాయి. ఆ తర్వాత పిండి జల్లెడతో పడితే ఇసుకలాంటి విసర్జన కిందికి దిగి పురుగులు పైన మిగులుతాయి. అప్పుడు కొత్త తవుడు పోయాలి.

జల్లించేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోండి. ఈ దుమ్ము కొందరికి తుమ్ములు, ఉబ్బసం తెప్పిస్తుంది. రొయ్యలంటే, ఇంటి దుమ్మంటే అలర్జీ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. వాళ్లు ట్రేలను పడకగదికి దూరంగా పెట్టుకోవాలి.

ఇక ఎండాకాలం. గదిలో 32 డిగ్రీలుంటే పురుగులకూ అంతే అనుకోకండి. మేస్తూ, ఒకదానికొకటి రాసుకుంటూ అవి సొంతంగా వేడి పుట్టిస్తాయి. ఒత్తుగా ఉన్న ట్రే మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూస్తే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఏప్రిల్ మొదట్లోనే ఒక్కో ట్రేని రెండుగా విడగొట్టి, తవుడు మందం రెండు సెంటీమీటర్లకు తగ్గించాలి. ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చకుండా మధ్య ఒక జానెడు ఖాళీ ఉంచాలి. రేకుల షెడ్డు, డాబా మీది గది పనికిరావు. కింది అంతస్తులో ఉత్తరం వైపు గోడ పక్కన, నేలకు దగ్గరగా పెట్టండి. గదిలో తడి గోనె వేలాడదీసి దాని వెనక ఫ్యాన్ పెడితే రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కపోతలో తడి గోనె వేడి తగ్గించకపోగా బూజు తెస్తుంది, అక్కడ ఉత్త ఫ్యాన్ గాలే మంచిది. నడి మే నెలకు పెద్ద పురుగుల్ని చిల్లుల డబ్బాలో గుప్పెడు తవుడుతో వేసి ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పెట్టండి. 8, 10 డిగ్రీల దగ్గర అవి నిద్రలోకి వెళ్తాయి. వారానికోసారి బయటికి తీసి, ఒక పూట క్యారెట్ పెట్టి మళ్లీ లోపల పెడితే వారాల తరబడి నిలుస్తాయి. పెంకు పురుగుల్ని, గుడ్లని ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

వానాకాలం శత్రువు మైట్స్. ట్రే అంచుల వెంట బూడిద రంగు పొడి పేరుకుని, అది మెల్లగా కదులుతుంటే అవి పట్టినట్టే. తవుడు తడిస్తేనే ఇలా పెచ్చుమీరతాయి. వెంటనే కూరగాయలు ఆపేసి, పురుగుల్ని జల్లించి, వేయించి ఆరబెట్టిన తవుడులోకి మార్చండి. పాత తవుడు మూట కట్టి ఫ్రీజర్‌లో పెట్టిగానీ, తగలబెట్టిగానీ వదిలించుకోండి. ట్రేని వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ముసురు పట్టినన్నాళ్లు కూరగాయ ముక్కని తవుడు మీద నేరుగా కాకుండా చిన్న ప్లాస్టిక్ మూతలో పెడితే సగం బెడద తీరుతుంది.

చీమల సంగతి అందరికీ తెలిసిందే. నెయ్యి గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే స్టాండు కాళ్లని నీళ్ల గిన్నెల్లో ఉంచండి, నీళ్లలో నాలుగు చుక్కల నూనె వేయండి. స్టాండు గోడకు ఆనకూడదు. చీమల సుద్దముక్క మాత్రం గీయొద్దు. అది చీమల్ని చంపే మందే, మీ పురుగుల్నీ చంపుతుంది. దోమల కాయిల్స్, ప్లగ్‌లో పెట్టే ద్రవాలు, హిట్ లాంటి స్ప్రేలు కూడా ఆ గదిలో వద్దు. కారణం తెలియకుండా ట్రేలోవన్నీ ఒక్క రాత్రిలో చస్తే మొదట అనుమానించాల్సింది వీటినే.

మేతగా ఎంత పెట్టాలి? పచ్చి పురుగులో అరవై శాతం పైన నీరే, మాంసకృత్తులు ఐదోవంతు, కొవ్వు 13 శాతం దాకా ఉంటుంది. బలమైన తిండే, పూర్తి మేత మాత్రం కాదు. యూరప్ వాళ్లు ఈ పురుగు పిండిని 2017లో చేపల మేతకు, 2021లో కోళ్లకు, పందులకు అనుమతించినా, దాన్ని మిగతా దాణాతో కలిపే వాడతారు. నాటుకోడికి రోజుకు పది పదిహేను పురుగులు చాలు. పది కోళ్లకు రోజూ పదేసి వేస్తే నెలకు మూడువేలు కావాలి. దానికి మేత ట్రేలు మూడు నాలుగు నిలకడగా నడవాలి, మొదటి మూడు నాలుగు నెలలు మేతకు తీయకుండా పెంకు పురుగుల సంఖ్య పెంచుకోవాలి. ఈక మార్చుకునే రోజుల్లో కోళ్లకు కొంచెం పెంచి వేయొచ్చు. వారం పది రోజుల కోడిపిల్లలకు అప్పుడే పొర విడిచిన తెల్లటి చిన్నవి ఏరి పెట్టండి, పక్కన సన్న ఇసుక ఉంచండి. ఆరోవానా, ఆస్కార్ లాంటి చేపలకు వారానికి రెండు మూడుసార్లు, నాలుగైదు చొప్పున. కొవ్వు ఎక్కువ కాబట్టి రోజూ ఇదే పెడితే చేప ఒళ్లు చేసి జబ్బు పడుతుంది.

వీటిలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. గుడ్లు పెట్టే కోళ్లకు ఆల్చిప్పల గుల్ల విడిగా పెడితే లోటు ఉండదు. కీటకాలు తినే పక్షులకు, పెంపుడు బల్లులకు అయితే, తినిపించే ముందు ఒకటి రెండు రోజులు పురుగుల్ని మునగాకు, కాల్షియం పొడి కలిపిన తవుడు మీద ఉంచి, పెట్టేటప్పుడు పైన కూడా కాస్త పొడి చల్లాలి. థర్మోకోల్ తినిపించి పెంచిన పురుగుల గురించి వార్తలు చూసి ఆ ప్రయోగం చేసేవాళ్లు, వాటిని కోళ్లకు వేయకండి.

విసర్జన పొడి మొక్కలకు మంచి ఎరువు. ఒక్కో కుండీకి నెలకు గుప్పెడు మట్టిలో కలిపి నీళ్లు పోస్తే సరి. పైన వదిలేస్తే బూజు పడుతుంది. కానీ మీల్‌వార్మ్ గోదాముల్లో ధాన్యం తినే పురుగు జాతి. ట్రేలు బియ్యం బస్తాలకు దూరంగా ఉండాలి. విసర్జన, పాత తవుడు, మిగిలిన పురుగులు ఏవైనా రెండు మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాకే తోటకైనా, చెత్తకైనా వెళ్లాలి.