సీఐఎన్2 అని రాసే ముందు

మొన్న ఒక స్లైడ్ రివ్యూకి వచ్చింది. ఇరవై ఏడేళ్ల అమ్మాయి, ఇంకా పిల్లల్లేరు, బయట ల్యాబ్‌లో గర్భాశయ ముఖద్వారం బయాప్సీకి సీఐఎన్2 (కాన్సర్‌కి ముందొచ్చే మార్పుల్లో మధ్య గ్రేడు, 1 తేలిక, 3 తీవ్రం) అని రిపోర్ట్ ఇచ్చారు, లీప్ (కరెంటు తీగతో ఆ భాగాన్ని కోసి తియ్యడం) చేయించుకోమన్నారట. వాళ్లమ్మ బ్లాకు (బయాప్సీ ముక్కని మైనంలో పొదిగిన దిమ్మ), స్లైడు రెండూ పట్టుకొచ్చి "మేడమ్, కాన్సరేనా?" అంది. కాదమ్మా, ముందుముందు కాన్సర్ అయ్యే మార్పు ఉందా లేదా అన్నదే చూడాలి అని చెప్పి కూర్చోబెట్టాను.

నిజం చెప్పాలంటే చూడగానే నాకూ తేలలేదు. న్యూక్లియస్‌లు కిక్కిరిసి ఉన్నాయి, కానీ ముక్క ఏటవాలుగా తెగింది, అలా తెగితే అడుగు పొర కణాలే పైదాకా ఉన్నట్టు కనిపిస్తాయి, మామూలు ఇమ్మెచ్యూర్ మెటాప్లేసియా (ఒక రకం కణాలు ఇంకో రకంగా మారే, హాని లేని మార్పు) కూడా సీఐఎన్2 లాగే ఉంటుంది. సీఐఎన్3 అయితే చాలాసార్లు చూడగానే తెలిసిపోతుంది, గొడవంతా ఈ మధ్యదానితోనే, ఒకే స్లైడ్‌కి ఇద్దరు పాథాలజిస్టులు రెండు మాటలు చెప్తారు.

అందుకే పీ16 స్టెయిన్, అంటే కణాల్లో పీ16 అనే ప్రోటీన్‌ని చూపించే రంగు. హైరిస్క్ హెచ్‌పీవీ (ఈ కాన్సర్ తెచ్చే రకం వైరస్) కణంలో పాగా వేస్తే దాని ఈ7 ప్రోటీన్, కణాల పెరుగుదలని అదుపులో పెట్టే మన ఆర్‌బీ ప్రోటీన్‌ని పనిచెయ్యనివ్వదు, దాంతో కణంలో పీ16 విపరీతంగా పేరుకుపోతుంది, స్టెయిన్ వేస్తే గోధుమ రంగులో కనబడుతుంది. అడుగు పొర నుంచి తెగకుండా చిక్కగా పట్టుకుంటేనే పాజిటివ్. అక్కడక్కడా మచ్చలుగా పడితే లెక్కలోకి రాదు, ఈ తేడా తెలియక తప్పు చదివే వాళ్లున్నారు. అమెరికాలో 2012లో వచ్చిన లాస్ట్ (LAST) అనే పాథాలజీ గైడ్‌లైన్స్ కూడా సీఐఎన్2 అని రాయబోతున్నప్పుడు, లేదా హైగ్రేడా (సీఐఎన్2, 3) మెటాప్లేసియానా అని అనుమానం వచ్చినప్పుడు ఇది వెయ్యమన్నాయి. అలాగని ప్రతి బయాప్సీకీ వెయ్యకూడదు, సీఐఎన్1లో కూడా కొన్ని పాజిటివ్ వస్తాయి, అది చూసి గ్రేడ్ పెంచేస్తే ఇంకో తప్పు చేసినట్టే.

ఆ బ్లాక్ కరిగించి, ముక్కని సరిగ్గా నిలబెట్టి, మళ్లీ లెవెల్స్ (ఇంకా లోపలి పలుచటి పొరలు) కోయించి పీ16 వేశాం. మచ్చలు మచ్చలుగానే వచ్చింది. మెటాప్లేసియా అని రాసి, వాళ్ల గైనిక్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను, హెచ్‌పీవీ టెస్ట్ చేసి ఫాలోఅప్‌లో పెట్టుకుంటామన్నారు. లీప్ తర్వాత వచ్చే గర్భంలో నెలలు నిండకుండా కాన్పయ్యే రిస్క్ కొంచెం పెరుగుతుంది, అందుకే నాకు ఇంత పట్టుదల.

గైనిక్ వాళ్లకి నాదొక రిక్వెస్ట్. ఫారం మీద "సర్వైకల్ బయాప్సీ" అని ఒక్క ముక్క రాసి పంపకండి, వయసు, పీరియడ్స్ ఆగాయా, పాప్ (ముఖద్వారం కణాల పరీక్ష) రిజల్ట్, కాల్పోస్కోపీలో (ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్షలో) ఏం కనబడింది, ఇవన్నీ మాకు కావాలి. సెలైన్‌లో పంపొద్దు, ఫార్మలిన్‌లోనే వెయ్యండి. అనుమానం ఉన్న చోట్ల రెండు మూడు ముక్కలు తియ్యండి, 2015లో వచ్చిన ఒక స్టడీలో ఒక్క బయాప్సీతో 60.6 శాతం హైగ్రేడ్ మార్పులే దొరికితే రెండింటితో 85.6, మూడింటితో 95.6 దొరికాయి. ముక్కలో లేనిదాన్ని ఏ స్టెయినూ చూపించలేదు కదా.

పేషెంట్లకి ఒకటే చెప్తాను, రిపోర్ట్‌లో సీఐఎన్2 అని ఉంటే పీ16 వేశారా అని అడగండి. మీ ల్యాబ్‌లో ఆ సదుపాయం లేకపోతే బ్లాక్ తీసుకుని ఉన్న చోటికి పంపొచ్చు, మళ్లీ బయాప్సీ చేయించుకోవాల్సిన పనిలేదు.