పిట్స్‌బర్గ్‌లో పచ్చిమిర్చి పందెం

మేం పిట్స్‌బర్గ్ బయల్దేరింది వెంకన్న దర్శనానికి. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి నుంచి కారులో ఆరు గంటల దారి. పెన్ హిల్స్‌లో కొండవాలున తెల్లటి గోపురం కనపడగానే మా ఆవిడ చెంపలేసుకుంది. దర్శనం బాగా అయింది. గుడి క్యాంటీన్ పులిహోర ఇంకా బాగుంది. తరువాత ఏంటంటే, తొమ్మిదేళ్ళ మనవడు "బేస్‌బాల్, తాతయ్యా!" అన్నాడు. టికెట్లు ఎప్పుడో కొనేశారట. గుడి పేరు చెప్పి నన్ను మ్యాచ్‌కి లాక్కొచ్చారని నా అనుమానం.

ఈ ఊరి పైరేట్స్ జట్టు మైదానం పీఎన్‌సీ పార్క్ ఆలిగేనీ నది ఒడ్డున ఉంది. మ్యాచ్ రోజున పసుపురంగు క్లెమెంటే వంతెన మీద కార్లను ఆపేస్తారు, జనమంతా నడిచే వెళ్తారు. వంతెన దిగగానే ఆ క్లెమెంటే విగ్రహం. పైరేట్స్‌కు ఆడిన ప్యూర్టోరికో ఆటగాడు, సరిగ్గా 3000 హిట్లు కొట్టాడు (బంతిని కొట్టి ఔటవకుండా మొదటి మజిలీ అయినా చేరితే ఒక హిట్). 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తుంటే విమానం కూలి చనిపోయాడు. ఆయన జెర్సీ నంబరు 21 కాబట్టి మైదానంలో కుడివైపు గోడను 21 అడుగుల ఎత్తు కట్టారు.

మావి పై అంతస్తు సీట్లు. నది, వంతెన, అవతల ఆకాశాన్నంటే మేడలు. ఆట అర్థం కాకపోయినా కాలక్షేపానికి లోటు లేదు.

బంతి నేలను తాకదు, అన్నీ ఫుల్‌టాస్‌లే. మనవాళ్ళయితే ఉతికి ఆరేసేవాళ్ళు అనుకున్నాను. మనవడు బోర్డు చూపించాడు: 97 మైళ్ళు. అంటే గంటకు 156 కిలోమీటర్లు! పైగా బ్యాటు రోకలిలా గుండ్రం. ఒకడు చక్కగా వెనక్కి కట్ చేశాడు. నేను చప్పట్లు కొడితే చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూశారు.

"అది ఫౌల్, తాతయ్యా. రెండు గీతల మధ్యే కొట్టాలి."

లేట్ కట్‌కి విలువ లేని ఆటా! నాకు మనసొప్పలేదు. కానీ ఒకటి నచ్చింది: జనంలో పడ్డ బంతి పట్టుకున్నవాడిదే, తిరిగివ్వక్కర్లేదు. అందుకే మావాడు గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. ఒక్క బంతీ మా వైపు రాలేదు.

ఇదే పైరేట్స్ జట్టు 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళను తీసుకుంది. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళు, బేస్‌బాల్ ఎరగరు. ఆ సంగతి తెలిశాక నా అజ్ఞానానికి సిగ్గుపడటం మానేశాను.

మా ఆవిడ మాత్రం నాలుగో ఇన్నింగ్స్‌కే కునుకు తీసింది. ఆ తరువాత పియరోగీల పరుగుపందెం మొదలైంది. పియరోగీ అంటే బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయ అనుకోండి. ఆ వేషాలు వేసుకుని మనుషులు మైదానం చుట్టూ పరిగెత్తారు. అందులో ఒకటి పచ్చిమిర్చిది. కునుకు వదిలిన మా ఆవిడ, గుంటూరు ఆడబడుచు, ఊరుకుంటుందా? లేచి నిలబడి "మిరపకాయ్! మిరపకాయ్!" అని ఒకటే అరుపు. సరిగ్గా చివర్లో ముందువరుసలో ఓ ఆజానుబాహుడు లేచి అడ్డం నిలబడ్డాడు.

పైరేట్స్ ఓడిపోయారు. కారెక్కి ఊరు దాటాక మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఇంతకీ మిరపకాయ గెలిచిందా?"

"ఉల్లిపాయ, నానమ్మా," అన్నాడు వెనకసీట్లోంచి మావాడు నిద్రమత్తులో.