ఎంటర్‌ప్రైజ్‌కి పీఓహెచ్ అయింది, అంతే

ఎంటర్‌ప్రైజ్ ఒళ్లు చేసిందని మా తమ్ముడి బాధ. 1966లో మొదలైన స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో ఆ అంతరిక్ష నౌక పొడవు 289 మీటర్లని అభిమానులంతా ఒప్పుకున్న లెక్క, వాడికది ఎక్కాలంత నోటికొచ్చు. తర్వాత వచ్చిన ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ డిస్కవరీలో అదే నౌకని, అదే ఎన్‌సీసీ-1701 నంబరుతో, కథ ప్రకారం దాదాపు పదేళ్ల ముందు కాలంలో చూపిస్తూ 440 మీటర్లు దాటించేశారు. "అంటే పదేళ్లలో చిక్కిపోయిందా అన్నయ్యా, షుగరేమన్నా వచ్చిందా?" అని మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే మొదలెట్టాడు.

ఇద్దరం సాయంత్రం విజయవాడ సత్యనారాయణపురంలో మా మామయ్య వాళ్ల డాబా మీదకి చేరాం. మామయ్య ఇక్కడే ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారాలు స్టార్ ట్రెక్ వచ్చినప్పుడు బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూసిన మనిషి, మా ఇద్దరికీ ఈ పిచ్చి అంటించింది ఆయనే. అత్తయ్య వేడి వేడి పునుగులు, అల్లం పచ్చడి పెట్టి కిందికెళ్లిపోయింది. ఈ గొడవ ఆవిడ చాలా ఏళ్లుగా వింటోంది పాపం.

మామయ్య తమ్ముడు చెప్పిందంతా విని, "ఒరేయ్, ఇంజను పీఓహెచ్‌కి వెళ్లొస్తే ముఖం మారదూ? రంగు మారుద్ది, లోపల మోటార్లు మారతాయి. నంబరు మారుద్దా?" అన్నాడు. పీఓహెచ్ అంటే ఇంజన్ని మొత్తం విప్పి బాగుచేసి మళ్లీ బిగించడం, రైల్వే వాళ్ల ఇళ్లల్లో పిల్లలకి కూడా తెలిసిన మాట. నిజానికి 1979 స్టార్ ట్రెక్ సినిమాలో చేసింది అదే. నౌక రూపం మొత్తం మార్చేసి, పద్దెనిమిది నెలలు రీఫిట్ చేశామని కథలోనే ఓ మాట అనేశారు. అప్పుడెవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. తమ్ముడు మాత్రం ఊరుకుంటాడా, "అది తర్వాత కాలం మామయ్యా, ఇది ముందు కాలం, రిపేరుకి వెళ్లకముందే కొత్తగా ఎలా ఉంటది?" అన్నాడు. పాయింటే. మామయ్య పునుగు నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

తర్వాత తేల్చింది ఆయనే. "మన తెనాలి వైపు రాయబారం నాటకం వేస్తారు. ఒక్కో కంపెనీ కృష్ణుడికి ఒక్కో కిరీటం. నిరుడు చూసిన కిరీటం ఇది కాదేంటని ఎవడన్నా లేచాడా? అదే పద్యంలో ఒక్క ముక్క మింగమను చూద్దాం, ముందు వరసలో ముసలాళ్లు ఊరుకోరు."

నా గోల కూడా ఇదే, ఇన్నాళ్లూ ఇంత బాగా చెప్పడం నాకు చేతకాలేదు. నౌక రూపం కిరీటం లాంటిది. ఆ నౌక ఏం చేయగలదు, ఏం చేయలేదు, దానికి ఇంతకు ముందు ఏం జరిగింది అన్నది పద్యం. మనవాళ్లు కిరీటం దగ్గర తలలు పగలగొట్టుకుని, పద్యం తప్పినప్పుడు చప్పట్లు కొడుతున్నారు.

కిరీటం సంగతంటే గుర్తొచ్చింది, అసలు ఆ పాత ఎంటర్‌ప్రైజ్ మోడలే సగం నౌక. పదకొండడుగుల మోడల్, ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. లోపల లైట్లకి వైర్లు ఎడమ పక్క నుంచి లాగడంతో ఆ వైపు పూర్తి చేయలేదు, కెమెరాకి చూపించేదంతా కుడి పక్కే. మన దగ్గర రోడ్డు వైపు గోడకి మాత్రం రంగేసి, పక్క గోడలు సిమెంటుతో వదిలేసిన ఇళ్లుంటాయే, అచ్చం అలాగే. ఆ నౌకని గీసిన మ్యాట్ జెఫ్రీస్‌కి విమానాల పిచ్చి. ఇంజన్లు ప్రమాదమని వాటిని మనుషులకి దూరంగా రెండు కాళ్ల మీద పెట్టాడు, రిపేర్లు లోపల్నుంచే చేసుకుంటారు కాబట్టి బయట నున్నగా ఉండాలన్నాడు. మామయ్యకి ఈ రెండో ముక్క తెగ నచ్చుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పట్టాల మీద ఇంజను కింద దూరి పనిచేసినవాళ్లకి తెలుస్తుందట దాని విలువ.

ఇక పద్యం తప్పిన బండి ఏదంటే నా మటుకు వాయేజర్, అదీ స్టార్ ట్రెక్ సీరియలే. 1995లో మొదలై 2001 దాకా ఏడు సీజన్లు. డెబ్బై వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒంటరిగా చిక్కుకుపోయిన నౌక, షెడ్డు లేదు, స్పేర్లు లేవు. మొదటి సీజన్‌లోనే మన దగ్గర 38 టార్పెడోలున్నాయి, అయిపోతే మళ్లీ రావు అని చెప్పేశారు. ఎంత బాగుంది! ఒక్కోటీ పేలుతుంటే మన జేబులో డబ్బులు పోయినట్టుండాలి. తీరా చూస్తే అది అర్జునుడి అక్షయ తూణీరం అయి కూర్చుంది. కూర్చుని లెక్కపెట్టినవాళ్లున్నారు, 38 ఎప్పుడో దాటిపోయింది. నౌకలోంచి బయటికెళ్లొచ్చే చిన్న బండ్లు, షటిళ్లూ అంతే, ఒకటి కూలితే వచ్చే వారానికి ఇంకోటి. పుష్పక విమానంలో ఇంకొకడికి చోటున్నట్టు వీళ్ల షెడ్డులో ఇంకో షటిల్ ఎప్పుడూ ఉంటుంది.

1997లో ఓ రెండు భాగాల కథలో నౌకని నిజంగానే చితక్కొట్టారు. డెక్‌లు ఊడిపోయి, కెప్టెన్‌కి కాలిన మచ్చలు పడి, చూస్తుంటే గుండె బరువెక్కింది. చివర్లో ఏం చేశారు? కాలాన్ని వెనక్కి తిప్పి ఏమీ జరగలేదన్నారు. వచ్చే వారం షోరూం బండి!

ఆ వాయేజర్‌లో 1999లో కొన్నాళ్లు పనిచేసి బయటికొచ్చేసిన రొనాల్డ్ డి. మూర్ తర్వాత బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అని ఇంకో అంతరిక్ష నౌక సీరియల్ తీశాడు. అందులో బతికున్నవాళ్ల సంఖ్య ప్రెసిడెంటమ్మ బోర్డు మీద రాస్తూ ఉంటుంది, మనిషి పోతే చెరిపి మళ్లీ రాస్తుంది. నౌక కూడా తిన్న దెబ్బలన్నీ గుర్తుపెట్టుకుంటుంది. 2009లో ఆఖరి ఎపిసోడ్లకి వచ్చేసరికి దాని ఎముకల్లోనే పగుళ్లు కనిపిస్తాయి. ఆ సీన్ చూసి మామయ్య "ఇది బండిరా" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

స్టార్ ట్రెక్‌లో గ్రహాంతర జాతి క్లింగాన్ల నుదుళ్ల గురించి చెప్పకపోతే తమ్ముడు నన్ను వదలడు. అరవైల్లో నున్నటి నుదుళ్లు, 1979 నుంచి గట్లు. 1996లో ఒక ఎపిసోడ్‌లో దీని గురించి అడిగితే వార్ఫ్ అనే క్లింగాన్ ఆ సంగతి బయటివాళ్ల దగ్గర మాట్లాడం అని మూతి ముడుస్తాడు. పెళ్లిలో పాత ఆస్తి తగాదా ఎత్తితే మన పెద్దవాళ్లు పెట్టే ముఖమే. అక్కడితో ఆపేస్తే ఎంత హాయిగా ఉండేది! 2005లో రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి ఏదో వైరస్ వల్ల అని వివరించారు. తమ్ముడికి అదే ఇష్టం, ప్రతిదానికీ రసీదు కావాలి వాడికి.

చీకటి పడ్డాక మామయ్యని స్కూటర్ మీద ఎక్కించుకుని, తమ్ముడు వెనకాల బైక్ మీద, ప్రకాశం బ్యారేజీకి వెళ్లాం. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. ఉజ్జాయింపుగా భాగిస్తే పాత ఎంటర్‌ప్రైజ్ పదహారో గేటు దాటి ఆగుతుంది, డిస్కవరీది ఇరవై అయిదుకి వస్తుంది, అదే పేరుతో తర్వాత వచ్చిన 642 మీటర్ల నౌక ఎంటర్‌ప్రైజ్-డి సగం బ్యారేజీ దాటిపోతుంది. తమ్ముడు గేట్లు లెక్కపెట్టుకుంటూ ముందుకి నడుస్తూ పోయాడు, ఇరవై అయిదు దగ్గర నిలబడి చేతులూపాడు. అక్కడ్నుంచి చూస్తే చిన్న పిల్లాడంత ఉన్నాడు. అంత తేడా ఉంటుందని నేనూ అనుకోలేదు, వాడి కడుపుమంట మొదటిసారి కొంచెం అర్థమైంది.

వాడు తిరిగొచ్చాక మామయ్య రెయిలింగ్ పట్టుకుని, "అయినా ఇక్కడెందుకు దింపుతార్రా దాన్ని? 2024 వరదల్లో పడవలొచ్చి గుద్దితేనే గేట్ల బరువు దిమ్మెలు, కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి" అన్నాడు.

"ఎంటర్‌ప్రైజ్ కిందికి దిగదు మామయ్యా. వారం వారం దింపి చూపించాలంటే ఖర్చని కదా, మనిషిని నౌకలో మాయం చేసి నేల మీద తేల్చే ట్రాన్స్‌పోర్టర్ పెట్టారు" అన్నాడు తమ్ముడు.

"వాయేజర్ దిగుద్దిగా" అన్నాన్నేను, ఊరుకోలేక.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నాలుగు కాళ్లు బయటికొస్తాయి సరే, అంత బరువు ఆ కాళ్లు మోస్తాయా, మోసినా కింద ఇసుక మేటల్లో దిగబడవా అని మొదలైంది. ఇంటికొచ్చేసరికి పదకొండు.